చెత్త షెడ్డులో జరిగిన ఇంటర్వ్యూ: ఒక ఎమ్మెస్సీ అమ్మాయి ఉద్యోగ వేట, నా రెండేళ్ల డైరీ

రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పంతొమ్మిదేళ్లుగా ఈహెచ్ఎస్ పని చేస్తున్నాను. పర్యావరణం, ఆరోగ్యం, భద్రత అని దానికి అర్థం. మా వీధిలో మాత్రం నన్ను ‘కంపెనీలో పొల్యూషన్ చూసే ఆయన’ అంటారు. అదీ తప్పు కాదు. ఆదివారం పొద్దున ఈ రంగంలో ఉద్యోగం వెతుక్కునే పిల్లలు ఒకరిద్దరు ఇంటికి వస్తుంటారు. ఫీజు లేదు, కాఫీ ఉంటుంది. వాళ్లలో ఒకమ్మాయి సంగతి మొదటి రోజు నుంచీ డైరీలో రాసుకుంటూ వచ్చాను. తన అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను. తన పేరూ, పనిచేసిన చోట్ల పేర్లూ రాయడం లేదు. నేనిచ్చిన సలహా ఒకటి బాగా బెడిసికొట్టింది, అదీ రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

2022 జూన్ చివర్లో వచ్చింది. పుత్తూరు దగ్గర పల్లె. నాన్న ఆర్టీసీ కండక్టర్. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. తర్వాత తిరుపతిలో ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, 74 శాతం మార్కులు. పదకొండు నెలల్లో 63 దరఖాస్తులు పెట్టింది. ఏ రోజు, ఎక్కడికి, ఏ పోస్టుకి, ఏమన్నారు అని నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకుంది. మొత్తం మీద మూడు ఫోన్లు వచ్చాయట. అందులో రెండు డిపాజిట్ కట్టమన్నవి.

ఆ నోటుబుక్కు నాకు నచ్చింది. అందులోని పోస్టుల పేర్లు మాత్రం నచ్చలేదు. యాభైకి పైగా దరఖాస్తులు ‘ఎన్విరాన్‌మెంటల్ సైంటిస్ట్’ అని వెతికి పెట్టినవే. మన జిల్లాల్లో ఆ పేరుతో ఉద్యోగం వెతకడం కొండ మీద కోడికూర వెతకడం లాంటిది. పని ఉంది, ఆ బోర్డు కింద లేదు. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధిచేసే ప్లాంటు) కెమిస్ట్ అంటారు, ఫీల్డ్ సాంప్లర్ అంటారు, ఈహెచ్ఎస్ ఎగ్జిక్యూటివ్ అంటారు. చిన్న కంపెనీల్లో అయితే ‘క్వాలిటీలో వేసుకుందాం, పొల్యూషన్ కూడా తనే చూసుకుంటుంది’ అంటారు.

రెజ్యూమే మొదటి వాక్యం ‘పర్యావరణ పరిరక్షణ పట్ల అమితమైన మక్కువ’. పెన్నుతో కొట్టేశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి ఒకే ఒక్క లైను ఉంది, స్వర్ణముఖి ఒడ్డున బావుల నీటి నాణ్యత అని.

“ఎన్ని శాంపిళ్లు తీశావమ్మా?”

“ముప్పై సార్.”

“లోహాలు చూడాల్సిన సీసాలో ఏం కలిపావు?”

“నైట్రిక్ యాసిడ్ సార్, పీహెచ్ 2 కంటే తక్కువకి వచ్చేదాకా. బీఓడీ సీసాలో ఏమీ కలపలేదు, ఐస్ పెట్టెలో పెట్టుకుని బస్సులో తెచ్చినాను. మా నాన్న డ్యూటీ బస్సే.”

బీఓడీ అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. ఇది రెజ్యూమేలో ఎందుకు లేదని అడిగితే, “అది కూడా రాస్తారా సార్?” అంది. అదే రాయాలి. ఆ మధ్యాహ్నం కూర్చుని మక్కువ తీసేసి, యాసిడ్ కలిపిన సీసాలు, ఐస్ పెట్టె, వాడిన పీహెచ్ మీటరు, టైట్రేషన్లు (చుక్కచుక్కగా ద్రావణం కలిపి కొలిచే పరీక్షలు) రాయించాను. ఒక పేజీకి వచ్చింది.

ఇక్కడ పని ఎక్కడుంది

కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ నేను కాగితం మీద గీసి చూపించే బొమ్మ ఒకటుంది. మధ్యలో తిరుపతి. తూర్పున సత్యవేడు వైపు శ్రీసిటీ, అక్కడ వాహనాలు, ఏసీలు, విడిభాగాలు. పెయింట్ షాపు ఉన్న ప్రతిచోటా పెయింట్ మడ్డి, వాడేసిన థిన్నర్ ఉంటాయి. పక్కన నాయుడుపేట వైపు మందుల కంపెనీలు, అంటే సాల్వెంట్లు. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్, శ్రీకాళహస్తి దారిలో ఇనుము, కరకంబాడిలో బ్యాటరీలు. చిత్తూరు వైపు వెళ్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు, గ్రానైట్. గుజ్జు, పాలు అనగానే పిల్లలు మొహం తిప్పుకుంటారు, అవి ఆహార పరిశ్రమలు కదా అని. గుజ్జు కడిగిన నీళ్ల బీఓడీ వేలల్లో ఉంటుందనీ, చల్లబరిచే గదుల వెనక అమ్మోనియా పైపులు ఉంటాయనీ చదువులో ఎవరూ గట్టిగా చెప్పరేమో.

వీటన్నిటికీ కట్టడానికి సీఎఫ్ఈ, నడపడానికి సీఎఫ్ఓ అని పొల్యూషన్ బోర్డు అనుమతులు ఉంటాయి. ఏటా జూన్ 30 లోపు ప్రమాదకర వ్యర్థాల రిటర్ను, సెప్టెంబరు 30 లోపు ఎన్విరాన్‌మెంట్ స్టేట్‌మెంట్ పెట్టాలి. బ్యాటరీ వ్యర్థాలకూ, ఈ-వేస్టుకూ 2022లో కొత్త నిబంధనలు వచ్చాక పోర్టల్ పని అదనం. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేయాల్సినవే. ఆ ‘ఎవరో ఒకరు’ ఖాళీనే మనం వెతకాల్సింది.

బోర్డు ఉద్యోగాలూ ఉన్నాయి, ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి. అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టుకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. సైన్సు పీజీ వాళ్లు చూసుకోవాల్సింది అనలిస్ట్ పోస్టు. పరీక్ష రాయమనే చెప్తాను, కానీ నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చోవద్దంటాను.

బ్యాటరీ పరిశ్రమలో ఒకచోట తనకు మొహం మీదే చెప్పారు, ఆడవాళ్లను తీసుకోలేమని. తను అవమానంగా తీసుకుంది. నేను ఫ్యాక్టరీ రూల్స్ తీసి చూపించాను. బ్యాటరీ తయారీలో సీసం పని జరిగే గదుల్లో ఆడవాళ్లను పెట్టకూడదన్నది అప్పటికి ఎప్పటినుంచో అందులో ఉన్న నిబంధనే. దాని మంచిచెడ్డలు వేరే మాట్లాడుకోవచ్చు. ఆఫీసు పనికి కూడా ఆ సాకు చెప్పడం నాకు నచ్చలేదు గానీ, ఆ తలుపు దగ్గర నిలబడి టైం వృథా చేసుకోవద్దన్నాను.

నా తప్పు

జులైలో నెబోష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్ చెయ్యమన్నాను. అప్పట్లో వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాణ్ణి, ఆలోచించకుండా. వాళ్లమ్మ గొలుసు కుదువ పెట్టి ఫీజు కట్టారు. చదివింది, పాసయింది. పాసయ్యాక ఇద్దరం కూర్చుని సేఫ్టీ ఆఫీసర్ అర్హతలు చదివాం. కోర్సు కట్టించకముందు చదవాల్సింది.

అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షన్ ప్రకారం వెయ్యి మంది, ఆపైన కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. ప్రమాదకరమైన ప్రక్రియలుంటే అంతకన్నా తక్కువ మంది ఉన్నా పెట్టమని రాష్ట్రం ఆదేశించే వీలుండేది. ఎవరిని పెట్టాలన్నది రాష్ట్రాల నిబంధనల్లో ఉండేది. సాధారణంగా ఇంజినీరింగ్ డిగ్రీ, రెండేళ్ల అనుభవం. లేదా ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ, ఐదేళ్ల అనుభవం. పైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష తెలిసి ఉండాలనీ అందులోనే ఉండేది. ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం ఆ జాబితాలో కనపడలేదు. నెబోష్ గల్ఫ్‌లో బాగా చెల్లుతుంది, ఇక్కడ పెద్ద కంపెనీలకూ ఇష్టమే. అయితే ఆ డిప్లొమాకి బదులు కాదు. డిప్లొమా కావాలంటే చెన్నైలో రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కానీ ముందు అనుభవం కావాలి.

“అయితే ఇప్పుడు ఏం చేసేది సార్?” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అప్పటినుంచి ఎవరికీ కోర్సు పేరు ముందు చెప్పడం లేదు. ఏ పోస్టు కావాలి, దాని అర్హత ఏ రూలులో ఉంది, ఆ కాగితం తెచ్చి చూపించు అంటున్నాను. తిరుపతిలో గోడల మీద ‘ఆరు నెలల్లో ఫైర్ అండ్ సేఫ్టీ, గ్యారంటీ ఉద్యోగం’ అని పోస్టర్లు చూసినప్పుడల్లా ఆ గొలుసు గుర్తొస్తుంది.

ఆరు వారాల ఉద్యోగం

అక్టోబరులో ఒక కన్సల్టెన్సీలో చేరింది. కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే చోటు. కేంద్ర ప్రభుత్వం 2006 నోటిఫికేషన్ ప్రకారం నివేదికకు ముందు వర్షాకాలం కాకుండా ఒక సీజన్, అంటే మూడు నెలల పాటు గాలి, నీరు, శబ్దం కొలవాలి. గాలికైతే సాంప్లర్ అనే గాలి పీల్చే యంత్రం పెట్టి 24 గంటలు నడపాలి, ముందూ వెనకా ఫిల్టర్ పేపరు తూకం వేయాలి. గాలి కొలవాల్సిన ఊళ్లు ఎనిమిది. సాంప్లర్ ఒక ఊళ్లోనే దిగింది. మిగిలిన ఏడు ఊళ్లకు అది కారు డిక్కీలో తిరిగొచ్చింది. “ఈ ఊరి రీడింగులు ఉన్నాయి కదా, మిగతావాటికి అటూ ఇటూ రాసెయ్” అన్నారట.

రాత్రి పదింటికి ఫోన్ చేసింది. సంతకం పెట్టావా అని అడిగాను. లేదంది. “పెట్టొద్దు, రేపే మానెయ్యి” అన్నాను. జీతం ఎగ్గొట్టారు, అనుభవ పత్రం ఇవ్వలేదు. నెబోష్ విషయంలో నా సలహాకి సిగ్గుపడ్డాను గానీ దీనికి పడలేదు. అన్ని కన్సల్టెన్సీలూ ఇలా ఉండవు. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల దగ్గర నేను చాలా నేర్చుకున్నాను.

ల్యాబులో తొమ్మిది నెలలు

డిసెంబరులో ఒక పరీక్షల ల్యాబులో చేరింది. జీతం 12,500. చేరేముందు చిన్న రాత పరీక్ష పెట్టారు. బీఓడీ ఎన్ని రోజులు, ఎంత ఉష్ణోగ్రత అంటే పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు 5 రోజులు, 20 డిగ్రీలు అని రాసింది. మన దగ్గర ల్యాబుల్లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేస్తారు. ల్యాబు పెద్దాయన నవ్వి, “ఇది తిరుపతమ్మా, లండన్ కాదు” అన్నాడట. అయినా తీసుకున్నారు, టైట్రేషన్లో తన చేతి నైపుణ్యం చూసి.

2023 జూన్, జులైల్లో తోతాపురి సీజన్. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల నుంచి క్యాన్లు క్యాన్లుగా శాంపిళ్లు. పుల్లటి వాసన, నురగ. ఎన్ని రెట్లు పలచన చేస్తే రీడింగు దొరుకుతుందో చూసి చెప్పడం ఆ రెండు నెలల్లో వచ్చేసింది. బయటి వాగుల్లోకి వదలాలంటే బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈటీపీలోకి వచ్చే నీటికీ, బయటికి వెళ్లే నీటికీ మధ్య ఉన్న దూరం ఎంతో పుస్తకంలో చదవడం వేరు, ముక్కుతో తెలుసుకోవడం వేరు.

అయితే తన దారి మలుపు తిప్పింది సీఓడీ, అంటే నీళ్లలోని మురికికి ఎంత ఆక్సిజన్ కావాలో రసాయనాలతో కొలిచే పరీక్ష. ఆ పరీక్షలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, సిల్వర్ సల్ఫేట్, క్లోరైడు అడ్డం రాకుండా మెర్క్యురీ సల్ఫేట్ వాడతాం. రెండు గంటలు మరిగించి, చల్లార్చి, టైట్రేట్ చేస్తే నీలి ఆకుపచ్చ కాస్తా ఎర్రటి గోధుమ రంగుకి తిరుగుతుంది. రీడింగు రాసుకుంటాం. తర్వాత ఆ ఫ్లాస్కులో మిగిలిందేమిటి? యాసిడ్, క్రోమియం, వెండి, పాదరసం. ఒక కుర్రాడు దాన్ని సింకులో ఒంపబోతుంటే ఆపింది. ఇరవై లీటర్ల క్యాను ఒకటి అడిగి తెచ్చుకుని, మీద తేదీ, లోపలున్నవాటి పేర్లు రాసి అతికించింది. నీళ్ల కాలుష్యం కొలిచే ల్యాబే నీళ్లలో పాదరసం కలపడమేంటని అడిగిందట. నాకు ఫోన్‌లో చెప్తుంటే, “ఇది రెజ్యూమేలో రెండో లైను” అన్నాను.

షెడ్డులో ఇంటర్వ్యూ

2023 సెప్టెంబరులో ఏర్పేడు దారిలోని ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. ఇనప విడిభాగాలకు జింకు పూత వేసే యూనిట్. నాకు అక్కడ పరిచయాలేమీ లేవు.

ఇంటర్వ్యూ గదిలో ఐదు నిమిషాలే. తర్వాత ప్లాంట్ హెడ్ హెల్మెట్, బూట్లు ఇచ్చి ప్రమాదకర వ్యర్థాల షెడ్డుకి తీసుకెళ్లాడు. పైన రేకులు, కింద యాసిడ్ తట్టుకునే గచ్చు, చుట్టూ జానెడు గట్టు, మూలన కారినది చేరే గుంట. చెక్క పలకల మీద డ్రమ్ములు. “చూసి ఏం కనపడిందో చెప్పు” అన్నాడట.

ముందు డ్రమ్ముల మీద తేదీలు చూసింది. ఒక డ్రమ్ముకి లేబులే లేదు. మామూలు పరిస్థితుల్లో 90 రోజులకు మించి నిలవ ఉంచకూడదు కదా, తేదీ లేకుండా ఎలా లెక్కపెడతారంది. నూనె తుడిచిన గుడ్డపేలికలు మామూలు చెత్తడబ్బాలో కనిపిస్తే, ఇవి కూడా ప్రమాదకర వ్యర్థాల షెడ్యూల్లో ఉన్నాయి సార్, 33.2 అంది. అంతవరకూ చదువుకున్న ఎవరైనా చెప్తారు.

షెడ్డు బయటికొస్తుంటే గోడ పక్కన నీలం క్యాన్లు కనిపించాయి. కొన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్, తుప్పు వదిలించడానికి. వాటికి ఆనుకునే సోడియం హైపోక్లోరైట్ క్యాన్లు, క్యాంటీన్ వైపు మురుగునీటి శుద్ధికి వాడేవి. అక్కడ ఆగిపోయింది.

“సార్, ఈ రెండూ ఇట్లా పక్కపక్కన ఉండకూడదు.”

“ఏమవుతుంది?”

“రెండూ కారి కలిస్తే క్లోరిన్ వస్తుంది. మా ఇంట్లో ఒకసారి బ్లీచింగ్ పౌడర్ చల్లిన బాత్రూములో మా అమ్మ యాసిడ్ పోసింది. కళ్లు మండి, దగ్గుతా బయటికి పరిగెత్తింది. అది గుప్పెడు పౌడరే సార్.”

ఆయన అక్కడే ఫోన్ తీసి స్టోర్స్ వాళ్లను పిలిచి క్యాన్లు వేరు చేయించాడట. జీతం 21,000 అని ఉత్తరం మర్నాడు వచ్చింది. ఎమ్మెస్సీ మార్కుల గురించి ఎవరూ అడగలేదు.

వాళ్ల నాన్న

అసలు అడ్డంకి అప్పుడు మొదలైంది. వాళ్ల నాన్న డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. “విశాఖలో చూడలేదా సార్? మన పూతలపట్టు దగ్గర డెయిరీలో అమ్మోనియా లీకై ఆడపిల్లలే కదా ఆస్పత్రి పాలయింది? ఆ మందుల మధ్య పనిచేసేదానికా మేము చదివించింది?” అన్నాడు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై పన్నెండు మంది పోయారు. పూతలపట్టు దగ్గరిది అదే ఏడు ఆగస్టులో. ఏమీ కాదు అని నేను చెప్పలేదు. ఏమైనా అయ్యే చోటు కాబట్టే మనిషిని పెడుతున్నారన్నాను. ఆయనకది రుచించలేదు.

నెలరోజుల తర్వాత కంపెనీ ఒకరోజు కుటుంబాలను లోపలికి రానిచ్చింది. ఆయన యూనిఫాంలోనే వెళ్లాడు. యాసిడ్ తొట్ల దగ్గర కళ్లు కడుక్కునే ఐవాష్ చూసి, ఇది నిజంగా పనిచేస్తుందా అని పెడలు తొక్కాడు. తేటగా నీళ్లు వచ్చాయి. చాలాచోట్ల తొక్కితే ముందు తుప్పునీళ్లు వస్తాయి, నాకు తెలుసు. ప్రతి సోమవారం నీళ్లు వదిలి చూసినట్టు పక్కన రిజిస్టరులో కూతురి సంతకాలు, వారం తప్పకుండా. ఆ పేజీలు తిప్పి చూశాడట. “మా డిపోలో లెక్క అప్పజెప్పినట్టే ఉండాది” అన్నాడట. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

పసుపు నీళ్లు

2024 ఫిబ్రవరిలో జరిగింది ఒకటి చెప్పాలి. జింకు పూత మీద క్రోమేట్ వేసిన తర్వాత కడిగిన నీళ్లలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, పసుపు రంగులో. అది విషం. ఈటీపీలో యాసిడ్‌తో పీహెచ్ 2, 3 మధ్యకి దించి, సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే మూడు వేలెన్సీకి మారి నీళ్లు ఆకుపచ్చగా తిరుగుతాయి. అప్పుడు సున్నం వేసి పీహెచ్ పెంచితే మడ్డిగా కిందికి దిగుతుంది. పైకి తేలిన నీళ్లలో ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు.

అక్కడి ఆపరేటరు పదిహేనేళ్లుగా రంగు చూసే మందు వేస్తాడు. తను ఆయన్ని అన్నా అని పిలుస్తుంది. ఆ రోజు యాసిడ్ అయిపోయి పీహెచ్ 4 దగ్గరే మందు వేశాడు. ఆకుపచ్చకి తిరిగినట్టే ఉంది. తను గాజు గ్లాసులో ముంచి తెల్ల కాగితం ముందు పెట్టి చూసింది. అంచున సన్నగా పసుపు. “అన్నా, ఇంకా పూర్తి కాలేదు, పంపు ఆపు” అంది. ఆపితే వెనక ట్యాంకు నిండుతుంది, ట్యాంకు నిండితే పూత లైను ఆగుతుంది. ప్రొడక్షన్ మేనేజరు వచ్చి అరిచాడు. యాసిడ్ వచ్చేదాకా ఆరు గంటలు లైను ఆగింది. టెన్షన్‌తో చేతులు వణికాయి గానీ పంపు స్విచ్ దగ్గర్నుంచి కదల్లేదట. మర్నాడు ప్లాంట్ హెడ్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన పద్ధతిలో మెచ్చుకోలు. ఆ అన్న ఇప్పుడు రంగు చూశాక మీటరు కూడా పెడుతున్నాడు.

ఇప్పుడు

మడ్డి డ్రమ్ములు విశాఖ దగ్గర పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీలో పంపుతారు, దాదాపు ఏడువందల కిలోమీటర్లు. ప్రతి లోడుకీ మానిఫెస్టు, అంటే ఏ వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో చెప్పే పత్రం, ఏడు రంగుల కాపీల్లో ఉంటుంది. తెల్లది పంపినవాళ్లు బోర్డుకి ఇవ్వాలి, పసుపుది డ్రైవరు సంతకంతో తమ దగ్గర ఉంచుకోవాలి, నీలంది సరుకు చేరినట్టు అక్కడివాళ్లు తిరిగి పంపాలి. దారిలో ప్రమాదమైతే ఏం చేయాలో చెప్పే కార్డు డ్రైవరు దగ్గర ఉండాలి. అది ఇంగ్లిషులో ఉండటం, డ్రైవరుకి ఇంగ్లిషు రాకపోవడం చూసి తనే తెలుగులో రాసి లామినేట్ చేయించి ఇచ్చింది.

ఇప్పుడు జీతం 27,000. గొలుసు విడిపించారు. అనుభవం ఐదేళ్లు నిండాక చెన్నై డిప్లొమా చేస్తానంటోంది. బీఎస్సీలో కెమిస్ట్రీ మూడింటిలో ఒక సబ్జెక్టుగా ఉంటే సరిపోతుందా అన్నది ఫ్యాక్టరీల శాఖలో ఇప్పుడే రాతపూర్వకంగా అడగమన్నాను. ఈసారి నేను ముందే చెప్పాను. అనలిస్ట్ పోస్టుకి చదువుకుంటూనే ఉంది.

జూన్ మూడో ఆదివారం ఫోన్ చేసింది, రిటర్ను లెక్క వేస్తోందట. ఏడాదిలో వెళ్లిన లోడ్లకీ వచ్చిన నీలం కాపీలకీ ఒకటి తేడా ఉందట.

“వాళ్లకి ఫోన్ చెయ్యమ్మా.”

“చేసేసినాను సార్, సోమవారం పంపుతామన్నారు. నేను వేరే దానికి ఫోన్ చేసినాను. మా దగ్గర ట్రెయినీ పోస్టు ఒకటుంది. మీ ఇంటికి వచ్చేవాళ్లలో నోటుబుక్కులో లెక్క రాసుకునేవాళ్లు ఎవరన్నా ఉన్నారా సార్?”